సర్వేనా, ఇంటర్వ్యూలా: కౌలు రైతు అప్పు మీద రీసెర్చ్ చేసేవాళ్ళకి నా అనుభవం

మీ ప్రశ్న చూసి వెంటనే రాద్దామనుకున్నా గానీ, సగం సగం చెప్తే మీకు ఉపయోగపడదని ఆదివారం దాకా ఆగాను. మీరడిగింది ఇదీ: ఎంఏ సోషియాలజీ ఫైనల్ ఇయర్, గుంటూరు వైపు మిర్చి వేసే కౌలు రైతుల అప్పుల మీద డిసర్టేషన్, గైడ్ గారేమో 200 మందితో సర్వే చెయ్యమంటున్నారు, మీ సీనియరేమో సర్వేల్లో నిజం రాదు, పది మందితో లోతుగా ఇంటర్వ్యూలు చేస్తే చాలంటోంది, చేతిలో ఉన్నది నాలుగు నెలలు, ఏ పద్ధతికి బలాలెక్కువ, దేనికి బలహీనతలెక్కువ అని. నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఫీల్డ్ సర్వేల్లోనే ఉన్నాను, ఇన్వెస్టిగేటర్‌గా మొదలుపెట్టి సూపర్‌వైజర్ అయ్యి ఇప్పుడు ప్రశ్నాపత్రాలు తయారుచేసే పనిలో ఉన్నా. మధ్యలో రెండేళ్ళు ఇంటర్వ్యూలు మాత్రమే చేసే ఒక స్టడీలో కూడా పనిచేశాను, కాబట్టి రెండు వైపులా చూసిందే చెప్తున్నా.

నా మొదటి ఏడాది సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నాకు ఈ బలాలూ బలహీనతలూ అర్థమైంది అక్కడే. ఫారంలో ఒక కాలమ్ ఉంది, "వడ్డీ రేటు, శాతం" అని. ఒక కౌలు రైతుని అడిగాను, వడ్డీ ఎంతండీ అని, "మూడు రూపాయలండి" అన్నాడు, నేను 3 అని రాశాను. ఆయనా కరెక్టుగానే చెప్పాడు, నేనూ విన్నది విన్నట్టే రాశాను. కానీ మూడు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్ళల్లో నూటికి నెలకి మూడు, అంటే ఏడాదికి 36 శాతం. లక్ష రూపాయలకి ఏడాదికి 36 వేలు కట్టే మనిషి మా ఫారంలో 3 వేలు కట్టేవాడు అయిపోయాడు. మా టీంలో నలుగురం, నలుగురమూ అలాగే రాశాం, ఊరి వడ్డీ వ్యాపారి బ్యాంకు కంటే చవగ్గా ఎలా ఇస్తున్నాడని సూపర్‌వైజర్ గారికి అనుమానం వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు. వందకి పైగా ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది.

ఇప్పుడు మీ టెక్స్ట్‌బుక్‌లో ఉండే టేబుల్ గుర్తుతెచ్చుకోండి, సర్వేకి రిలయబిలిటీ (ఎవరు ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు రావడం) ఎక్కువ, వ్యాలిడిటీ (కొలవాలనుకున్నదాన్నే నిజంగా కొలవడం) తక్కువ, ఇంటర్వ్యూకి దీనికి తిరగబడి ఉంటుంది అని ఉంటుంది కదా. ఆ 3 అనే అంకె చాలా రిలయబుల్, ఎందుకంటే నలుగురిలో ఎవరు వెళ్ళినా అదే రాసేవాళ్ళు, పదిసార్లు అడిగినా ఆయన మూడు రూపాయలనే చెప్పేవాడు. వ్యాలిడిటీ మాత్రం సున్నా. ఆ రెండు మాటలకీ తేడా నాకు ఏ క్లాసులోనూ అంత స్పష్టంగా తెలియలేదు. ఇంకోటి, ఆ తప్పు సర్వే అనే పద్ధతిది కాదండీ. కాలమ్‌ని "నూటికి నెలకి ఎన్ని రూపాయలు" అని పెట్టుంటే అదే సర్వే నిజమే చెప్పేది. అందుకే ఏ పద్ధతి గొప్పది అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, మీకు కావాల్సిన జవాబు ఒక్కటి తీసుకోండి, అది మనిషి నోట్లోంచి బయలుదేరి మీ టేబుల్లోకి చేరేదాకా దాని వెంట నడవండి, ఎక్కడ కుంటుతుందో మీకే కనపడుతుంది. మీ టాపిక్‌లో ఆ జవాబు "అప్పు ఎంత" అన్నది. దాని వెంటే నడుద్దాం.

మొదటి చిక్కు అప్పు అన్న మాటలోనే ఉంది. అప్పెంతుంది అని అడిగితే బ్యాంకుదీ, నోటు రాసిందీ చెప్తారు. బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు చెప్పరు, వాళ్ళ లెక్కలో అది అప్పు కాదు. ఫర్టిలైజర్ షాపులో మందులకీ ఎరువులకీ నడిచే ఖాతా చెప్పరు, అది "ఖాతా". కమీషన్ ఏజెంటు దగ్గర తీసుకున్న పెట్టుబడి చాలామంది చెప్పరు, పంట ఆయనకే తోలాలి కాబట్టి అది పంటలో పోయేదే అనుకుంటారు. తాకట్టులో ఉన్న బంగారం అసలే చెప్పరు. కౌలు బాకీ సగం ఉంటే అది "కౌలు". అబద్ధమాడుతున్నారని అనుకోకండి, అప్పు అనే మాటకి వాళ్ళకి ఒక హద్దుంది, మీకు ఇంకో హద్దుంది. అందుకని సర్వేలో ఒకే ప్రశ్నగా అడగకండి, ఒక్కోటీ పేరు పెట్టి విడివిడిగా అడగండి: బ్యాంకు, సొసైటీ, డ్వాక్రా, బంగారం, నోటు, చేబదులు, షాపు ఖాతా, కమీషన్ ఏజెంటు, కౌలు బాకీ, చిట్టీ పాడుకుంటే ఇంకా కట్టాల్సినది. మొత్తం ఎంత అని ముందు ఒకసారి అడిగి రాసుకుని, తర్వాత ఇలా విడివిడిగా అడిగి కూడండి. నేను చూసినంతలో ఆ రెండు అంకెలు కలిసిన ఇల్లు చాలా అరుదు, ఆ తేడానే మీ డిసర్టేషన్‌లో ఒక చాప్టర్ అవుతుంది.

ఈ విడివిడి లిస్టు ఎక్కడినుంచి వస్తుందీ అంటే ముందు నలుగురైదుగురితో కూర్చుని తీరిగ్గా మాట్లాడితేనే వస్తుంది. అంటే మీ సీనియర్ చెప్పిన పని చెయ్యకుండా మీ గైడ్ గారు చెప్పిన పని సరిగ్గా చెయ్యలేరు.

మరి సర్వే బలం ఏంటీ. అందర్నీ ఒకే ప్రశ్న ఒకేలా అడగడం వల్ల పోల్చుకోవచ్చు, అదొక్కటి ఇంకే పద్ధతీ ఇవ్వదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసే నేషనల్ శాంపుల్ సర్వే 77వ రౌండ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం, దేశం మొత్తానికి 50.2 శాతం అని వచ్చింది. సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే ఆంధ్రలో దాదాపు 2 లక్షల 45 వేలు, దేశంలోనే ఎక్కువ. నేను పదేళ్ళు ఒకే ఊళ్ళో కూర్చుని అందరితో మాట్లాడినా ఈ మాట చెప్పలేను. నా ఊళ్ళో అందరికీ అప్పుంది అని చెప్పగలను గానీ మన రాష్ట్రాల పరిస్థితి మిగతా దేశానికి ఇంత వేరుగా ఉందని చెప్పాలంటే ఇలాంటి సర్వే ఉండాల్సిందే. సర్వేల్లో నిజం రాదనేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు, అది నాకు బాధగా ఉంటుంది.

అయితే ఆ సర్వేలో వ్యవసాయ కుటుంబం అంటే ఎవరు? అంతకుముందు 365 రోజుల్లో పంటా పాడీ లాంటి వాటి మీద 4 వేల రూపాయలకి పైగా విలువ వచ్చి, ఇంట్లో ఒక్కరైనా సొంతంగా వ్యవసాయం చేస్తుండాలి. అంతకుముందు 2013 సర్వేలో అది 3 వేలు. ఎవరు లెక్కలోకొస్తారో ఎవరు రారో ఆ ఒక్క లైనే తేలుస్తుంది, కాబట్టి ఏ అంకె వాడినా ముందు ఆ లైను వెతికి చదవండి. ఎన్ని రోజుల సంగతి అడుగుతారన్నది కూడా అంతే. 1999-2000లో అదే నేషనల్ శాంపుల్ సర్వే 55వ రౌండ్‌లో తిండి ఖర్చుని 7 రోజులకీ 30 రోజులకీ పక్కపక్కనే అడిగారు. 1993-94లో 36 శాతం ఉన్న పేదరికం 26 శాతానికి దిగిందని అధికారిక లెక్క వచ్చింది, అది నిజంగా తగ్గిందా లేక అడిగే తీరు మారినందుకు అలా వచ్చిందా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. కోట్లమంది పేదవాళ్ళా కాదా అన్నది ఫారంలో ఒక కాలమ్ పక్కన ఇంకో కాలమ్ పెట్టడం మీద ఆధారపడింది.

మాట ఎంచుకోవడం గురించి ఇంకో ఉదాహరణ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యని కొట్టడాన్ని సమర్థించిన ఆడవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రలో 83.6 శాతం అని పేపర్లన్నీ రాశాయి. అడిగింది ఏడు సందర్భాల గురించి: చెప్పకుండా బయటికెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పక్కకి రానంటే, వంట సరిగ్గా చెయ్యకపోతే, అనుమానమొస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. ఏడింట్లో ఒక్కదానికి అవునన్నా ఆ లెక్కలోకి వచ్చేస్తారు. పేపర్ హెడ్డింగ్ చదివినవాళ్ళకి ఈ సంగతి తెలీదు. ఇలాంటి ప్రశ్నని తెలుగులో పెట్టడం ఎంత కష్టమో మా పని చేసేవాళ్ళకి తెలుసు, "కొట్టడం న్యాయమేనా", "కొట్టొచ్చా", "కొడితే తప్పులేదా" ఈ మూడూ మూడు వేరే ప్రశ్నలు, మూడోది అడిగితే చాలామంది "కొడతారు కదా మరి" అంటారు, అంటే వాళ్ళు జరిగేది చెప్తున్నారు, ఒప్పుకోవడం లేదు. అదే సర్వేలో ఇంకో విషయం చూసి నేర్చుకోవాలి, హింస గురించి అడిగే భాగానికి ఇంటికి ఒక్క ఆడమనిషినే ఎంచుకుంటారు, పక్కన ఎవరూ ఉండకూడదు, ఏకాంతం కుదరకపోతే ఆ ప్రశ్నలు అడక్కుండా వదిలెయ్యాలి. ఆ జాగ్రత్తని మీ అప్పుల ప్రశ్నలకి కూడా తెచ్చుకోండి.

ఎందుకంటే ఇంటర్వ్యూకి వస్తే అసలు కష్టం అక్కడే. మీరు ఊళ్ళోకి దిగిన పది నిమిషాల్లో ఇంటిపేరేంటి, మీదే ఊరు, అక్కడ ఫలానా వాళ్ళు మీకేమవుతారు అని అడుగుతారు, ఆ మూడు జవాబులతో మీ కులం వాళ్ళకి తెలిసిపోతుంది, ఆ తర్వాత మీకు చెప్పే ప్రతీ మాటా అది తెలిసాక చెప్పే మాటే. కౌలుకిచ్చిన ఆసామీ కులం, మీ కులం ఒకటే అయితే కౌలు గురించి ఒక్క చెడ్డ మాట రాదు. దాన్ని తప్పించలేం గానీ ఎవరి దగ్గర ఏ మాట ఆగిందో నోట్సులో రాసుకోవచ్చు. ఇంకోటి, మొదట ఎవరింటికి తీసుకెళ్ళారు, ఎవరు తీసుకెళ్ళారు అన్నది రాయండి. ఊరి పెద్ద చూపించిన పది మంది కౌలు రైతులూ ఆ పెద్ద చూపించదలుచుకున్న పది మందే.

ఒక ఇంట్లో జరిగింది చెప్తా. భర్త మంచం మీద కూర్చుని అన్నీ చెప్పాడు, నాలుగు లక్షలు, మూడు చోట్ల, తేదీలతో సహా, నాకు చాలా మంచి ఇంటర్వ్యూ అనిపించింది. రికార్డర్ ఆపేసి బస్సుకని బయల్దేరితే ఆయన భార్య గేటు దాకా వచ్చి, ఆయన చెప్పిందే కాదండీ, నా గొలుసుతో పాటు మా చెల్లి గొలుసు కూడా ఫైనాన్స్‌లో ఉంది, ఆయనకి తెలీదు, రాయకండి అంది. నేను రాయలేదు. ఆ స్టడీలో ఆ ఇంటి అప్పు ఇప్పటికీ నాలుగు లక్షలే. కానీ ఆ తర్వాత నేను తయారుచేసిన ప్రతీ ఫారంలో ఆడవాళ్ళని విడిగా అడిగే పేజీ ఒకటి పెట్టాను, "వేరేవాళ్ళ బంగారం ఏమైనా మీ అవసరానికి తాకట్టులో ఉందా" అని. ఇంటర్వ్యూకున్న బలం ఇదే, మీరు ఊహించని ప్రశ్న అవతలి మనిషే మీ చేతికిస్తారు. బలహీనత కూడా అందులోనే ఉంది, ఆమె నమ్మి చెప్పిన మాట, ఒకే ఊళ్ళో పది మంది గురించే రాసే మీ థీసిస్‌లో పేరు మార్చి రాసినా ఊరివాళ్ళు గుర్తుపట్టేస్తారు. 200 మందిలో ఒకరు కనపడరు, పది మందిలో కనపడతారు. ఇది దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక ఊళ్ళో ఉండి చూడటం. మన దగ్గర దీనికి మంచి చరిత్ర ఉంది, 1951-52లో ఆంత్రోపాలజిస్ట్ ఎస్.సి.దూబే గారు ఉస్మానియా నుంచి టీమ్‌తో వెళ్ళి హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటని స్టడీ చేశారు, 1955లో పుస్తకంగా వచ్చింది. మైసూరు దగ్గర రాంపురలో సోషియాలజిస్ట్ ఎం.ఎన్.శ్రీనివాస్ గారు 1948లో ఉండి రాసుకున్న నోట్సు మీద ఏళ్ళ తరబడి చేసిన పని 1970లో అమెరికాలో నిప్పంటుకుని కాలిపోతే గుర్తున్నదాంతోనే పుస్తకం రాశారు. ఆయన ఆ ఊళ్ళో ఉన్నది పెత్తందారు ఎద్దుల కొట్టం పక్కన, ఆ చోటు నుంచి చూడటం వల్ల తనకి ఊరు పైకులాల వైపు నుంచే ఎక్కువ కనపడిందని ఆయనే ఒప్పుకున్నారు. పద్ధతి బలహీనతని దాచకుండా ఎలా రాయాలో నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు. మీకు ఏడాది ఉండే టైం లేదు, కానీ జూన్‌లో ఒక ఫర్టిలైజర్ షాపులో వారం రోజులు కూర్చోండి, యజమానిని అడిగి, అందరికీ మీరెవరో చెప్పి. ఎవరికి అరువిస్తారు, ఎవర్ని రేపు రమ్మంటారు, ఎవరికి అడిగిన మందు కాకుండా వేరేది అంటగడతారు, కౌలు రైతుకీ సొంత భూమి రైతుకీ ధరలో తేడా ఉంటుందా, ఇవి ఏ ఫారంలోనూ రావు.

ప్రభుత్వ రికార్డుల గురించి జాగ్రత్త. మీరు శాంపుల్ కోసం గ్రామ సచివాలయంలో అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే రికార్డు) అడుగుతారు, అందులో ఎక్కువగా కనపడేది పట్టాదారు పేరు, సాగుచేసేవాడి పేరు కాదు. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డుల లిస్టు అడుగుతారు, ఆ కార్డుకి యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందేమోననే భయం ఉన్న యజమాని పెట్టడు, కాబట్టి నోటిమాట కౌలు ఎవరూ ఆ లిస్టులో ఉండరు. ఎక్కువ అప్పుల్లో ఉండేది వాళ్ళే. ఆ లిస్టు నుంచి 200 మందిని లాటరీ తీసి ఎంచుకుంటే శాంపుల్ పుస్తకం ప్రకారం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, ఫలితం మాత్రం కార్డున్నవాళ్ళ గురించే.

రైతు ఆత్మహత్యల లెక్కలు కూడా వాడతారు మీరు, తప్పకుండా వాడతారు. 1897లో ఫ్రెంచ్ సోషియాలజిస్ట్ దుర్కైమ్ ఆత్మహత్యల అంకెలతోనే సోషియాలజీకి దారి వేశాడు, ఆ అంకెల్ని ఎవరు ఎలా రాశారన్న ప్రశ్న తర్వాతి వాళ్ళు వేశారు. మన దగ్గర ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కల్లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో 2013లో వ్యవసాయంలో సొంతంగా పనిచేసేవాళ్ళు 11,772 మంది, 2014లో రైతులు 5,650 మంది. ఏడాదిలో సగానికి తగ్గిందా? 2014 నుంచి వ్యవసాయ కూలీలకి వేరే కాలమ్ పెట్టారు, వాళ్ళు 6,710 మంది, రెండూ కలిపితే 12,360. పాస్‌బుక్ లేని కౌలు రైతు ఏ కాలమ్‌లో పడ్డాడో స్టేషన్‌లో రాసినవాళ్ళకే తెలియాలి, "కడుపునొప్పి తాళలేక" అని రాసిన కేసుల్లో ఎన్ని అప్పులవో కూడా అంతే. ఒక మాట చెప్తాను, ఆ ఇళ్ళకి ఫారం పట్టుకుని వెళ్ళకండి. మన డిగ్రీ కోసం ఆ తల్లిని మళ్ళీ అదంతా చెప్పించే హక్కు మనకి లేదు.

ప్రయోగాల పద్ధతి మీకు పనికిరాదు కాబట్టి ఎక్కువ రాయను. హైదరాబాద్‌లో 104 బస్తీల్లో సగం చోట్ల లాటరీగా మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు తెరిపించి చేసిన స్టడీ మాత్రం చదవండి, అప్పు దొరికితే ఆడవాళ్ళ చేతికి బలం వస్తుంది, పిల్లల చదువు బాగుపడుతుంది అన్న ప్రచారానికి అందులో ఆధారం దొరకలేదు. ఆ అప్పు ఇవ్వకపోతే ఏమయ్యేదో చెప్పగలగడం దాని బలం. కిస్తీ రోజు ఇంటి ముందు కూర్చున్న గ్రూపువాళ్ళ మాటలు ఎలా తగిలాయో ఆ సగటులో ఉండదు.

నేనైతే మీ నాలుగు నెలలూ ఇలా వాడతాను. 200 వద్దు, ఒకటే ఊరు, మరీ పెద్దది కాకుండా. మొదటి మూడు వారాలు ఇంటింటికీ వెళ్ళి లిస్టింగ్, ఎవరు ఎంత ఎవరి దగ్గర కౌలుకి చేస్తున్నారు అన్నంతవరకే, అప్పు మాటెత్తకుండా, దానికే గైడ్ గారిని ఒప్పించండి. లిస్టింగ్ విసుగ్గా ఉంటుంది, అందరూ తగ్గించేస్తారు, కానీ నోటిమాట కౌలు బయటపడేది అక్కడే. ఆ లిస్టు నుంచి ఓ 60 ఇళ్ళు తీసి విడివిడి అప్పుల ఫారం. వాటిలో ఎనిమిది ఇళ్ళకి రెండుసార్లు వెళ్ళండి, నాట్లకి ముందొకసారి, పెట్టుబడి పెట్టాక ఒకసారి, భార్యాభర్తల్ని వేరువేరుగా. ఫారంలో వచ్చిన అంకెకీ ఇంటర్వ్యూలో వచ్చిన మాటకీ పొంతన కుదరకపోతే కంగారుపడి ఒకటి కొట్టెయ్యకండి, రెండూ రాసి ఎందుకు తేడా వచ్చిందో వెతకండి, వైవాలో మిమ్మల్ని అడిగేదీ అదే, మీరు గట్టిగా చెప్పగలిగేదీ అదే. 60 ఇళ్ళతో జిల్లా మొత్తానికి శాతాలు చెప్పొద్దు, ఈ ఊళ్ళో అప్పు ఎలా పుడుతుంది, ఎన్ని పేర్లతో తిరుగుతుంది అన్నది చెప్పండి, అది చెప్పడానికి 60 చాలు.

ఫారం తయారయ్యాక మీ ఇంట్లోవాళ్ళ మీదో, హాస్టల్ మెస్‌లో పనిచేసే అక్క మీదో ఒకసారి గట్టిగా చదివి చూడండి, ఎక్కడ "ఏంటీ?" అని తిరిగి అడిగారో అక్కడ ప్రశ్న మార్చాలి. సీజన్ మొదలయ్యాక పగలు ఇంటి దగ్గర ఎవరూ దొరకరు, పొద్దున్నే ఆరుకి ముందు గానీ రాత్రి ఏడు దాటాక గానీ వెళ్ళాలి, రాత్రి మీరు ఎక్కడుంటారో, ఎవరింట్లో ఉంటారో ముందే తేల్చుకోండి, ఆసామీ ఇంట్లో మాత్రం దిగకండి. ఫారం డ్రాఫ్ట్ రాసి ఇక్కడ పెట్టండి, వడ్డీ కాలమ్ ముందు చూసి చెప్తాను.